పురుగు తిరగని పొర

ఈ జూన్‌తో మా భూగర్భశాస్త్ర విభాగం మూత.
నిరుడు ఇద్దరే చేరారు, అందులో ఒకడు
దసరా కాకముందే మిర్చి యార్డులో గుమాస్తాగా కుదిరిపోయాడు.
గది కంప్యూటర్లకు ఇస్తారట.
రాళ్ల లెక్క రాసి ఇమ్మన్నారు.

బ్రాడీపేట వైపు కిటికీ తెరిస్తే
గాలిలో ఎండుమిర్చి ఘాటు, సన్నగా.
మీరావలి దగ్గుతూ అరలు లాగుతున్నాడు.
ముప్పై ఒక్కేళ్లుగా ఈ రాళ్లకు
తడిగుడ్డ పెట్టింది అతనే.

"నూట పద్నాలుగు. నల్ల పలక. స్పితి లోయ."
టైపు కొట్టిన చీటీని సగం చెద తినేసింది.
పలకను పక్కకి తిప్పాను.
పొరలు. వెంట్రుకవాసి పొరలు.
బ్యాంకు కట్ట విప్పని కొత్తనోట్లలా
ఒక్కటీ చెదరలేదు.

ఇటు చూడు మీరావలీ,
సముద్రం అడుగు మామూలుగా ఇలా ఉండదు.
పురుగులు తవ్వుతాయి, నత్తలు దున్నుతాయి,
పసిపిల్లలున్న ఇంట్లో పక్కబట్టలాగా
బురద ఎప్పుడూ నలిగే ఉంటుంది.
దీనిమీద ఎవరూ నడవలేదు.
ఇరవై అయిదు కోట్ల ఏళ్ల కిందట
సైబీరియాలో నేల చీలి నిప్పు పారింది,
నీళ్లు కాగాయి,
కాగిన నీళ్లు గాలిని పట్టి ఉంచలేకపోయాయి.

"డీవో పడిపోయిందన్నమాట" అన్నాడు,
పక్కవీధి కబురు విన్నట్టు.

రేపల్లె అవతల అతని అల్లుడికి
రెండెకరాల చేపల చెరువు, కౌలుకి.
మూడు రోజులు మబ్బు.
నాలుగో రాత్రి ఒంటిగంటకు కరెంటు పోయింది,
ఇంజను తాడు తెగింది.
"మూడింటప్పుడు వాన చప్పుడు మేడం.
బయటికొచ్చి చెయ్యి చాపితే చుక్క లేదు.
టార్చి వేశాం.
నోళ్లు.
చెరువు నిండా నీళ్ల మీదికి నోళ్లు,
టపటప టపటప...
మావాడు గొంతులోతు దిగిపోయి
చేతుల్తో నీళ్లు కొట్టాడు తెల్లారేదాకా.
చేతుల్తో కొడితే ఎంత గాలి కలుస్తది?"

అడుగు బురద కాటుకలా ఉందట,
కుళ్లిన గుడ్ల కంపు.
అల్లుడి వేలికున్న వెండి ఉంగరం
ఆ పూటే నల్లబడింది,
ఇప్పటికీ ఎంత తోమినా అంతే.

పలక అంచున ఆవగింజలో పదో వంతు మెరుపులు.
బంగారం కాదు, గంధకమూ ఇనుమూ.
ఆ కంపే, గడ్డకట్టి.
మీరావలి పలకను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
ఏ వాసనా రాలేదేమో, మెల్లగా దించాడు.

సముద్రజీవుల్లో నూటికి ఎనభై, తొంభై...
ముప్పై బ్యాచీలకు చెప్పాను నేను,
హాజరు పిలిచినట్టు.
వాన కాని వాన చప్పుడు గురించి
ఏ పాఠంలోనూ లేదు.

నూట పదిహేను. చిప్ప. నోరు మూసుకునే ఉంది.
గీత గీతా అలాగే ఉంది, మొన్న తీసినట్టు.
ఊపిరి ఆడని చోట
కొరుక్కు తినడానికైనా ఎవరూ రారు,
అందుకే ఇంత చక్కగా మిగులుతారు.
రిజిస్టరులో 'ప్రస్తుత స్థితి' అన్న గడి.
బాగుంది, అని రాశాను.
రాసి, కలం మూత పెట్టడం మర్చిపోయాను.

చిట్టచివరి అర.
రెండేళ్లుగా ఏ పిల్లాడి చెయ్యీ పడక
దుమ్ము మెత్తగా, సమంగా పేరుకుంది.
అతను గుడ్డ తీశాడు.
ఉండు, అన్నాను.
వేలు పెట్టి వంకరటింకరగా
ఈ మూల నుంచి ఆ మూలకి పాకించాను.
యాభై తొమ్మిదేళ్లదాన్ని, నవ్వొచ్చింది.
మీరావలి నవ్వలేదు.
గుడ్డ భుజాన వేసుకుని
నా గీత పక్కనే తనదొకటి లాగాడు,
మధ్యలో ఒకచోట దాటి.

సాయంత్రం తాళం వేయబోతూ చూశాను:
గదంతా తుడిచాడు,
ఆ అర ఒక్కటే వదిలేశాడు.